వర్మీనా, గెత్తమా, వేప పిండా: విశాఖ మిద్దె తోటకు ఏ సేంద్రియ ఎరువు ఎవరింట్లో భద్రం

విశాఖలో కుండీలు పెట్టుకున్నవాళ్ళకు ఎరువుల కరువు లేదు. కడియం మొక్కలు దింపుకుని అమ్మే ఏ నర్సరీలో చూసినా వర్మీ కంపోస్టు (వానపాములతో చేసే ఎరువు) సంచులు, వేప పిండి (నూనె తీశాక మిగిలిన గింజల పిప్పి), ఎముకల పొడి పక్కపక్కనే పేర్చి ఉంటాయి. పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం వైపు తెలిసినవాళ్ళుంటే పశువుల గెత్తం (పేడ ఎరువు) గోనెల్లో పంపిస్తారు. పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టే జీవామృతం కలుపుకుందామంటే అనకాపల్లి బెల్లం ఉండనే ఉంది. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే చేపల తలకాయలు, పేగులు అడిగినన్ని దొరుకుతాయి. ఇన్నింటిలో ఏది తెచ్చుకోవాలన్న దగ్గరే తికమక.

ఎవరిని అడిగినా బలం గురించే చెబుతారు. దేనిలో నత్రజని ఎక్కువ, దేనికి పూత బాగా పడుతుంది, గులాబీకి ఏది, టమాటాకి ఏది. ఎకరాల్లో పండించే రైతుకి ఆ లెక్క కావాలి. బాల్కనీలో నాలుగు కుండీలు, డాబా మీద ఇరవై గ్రో బ్యాగులు ఉన్నవాళ్ళకి మాత్రం అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ సంచి ఇంట్లో ఎక్కడ ఉంటుంది? ఎవరి చేతులు అందులో పడతాయి? పాకే పిల్ల ఉందా, కుక్క ఉందా, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళున్నారా? సంచి మీద 'సేంద్రియం' అని కనబడగానే ఇంక ఏమీ కాదులే అనుకుని వట్టి చేతులతో కలిపేస్తాం. ఆముదం పిండిలో ఉండే రిసిన్ విషం కూడా గింజలోంచి వచ్చిందే, పచ్చి పేడలోని ఈ.కోలై క్రిమి కూడా ఆవు కడుపులోంచి వచ్చిందే.

## బలానికంటే ముందు చూడాల్సినవి

ఎంత మాగింది. పచ్చి పేడలో, కోడి పెంటలో ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. బాగా మాగితే చాలామటుకు చస్తాయి. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో కుప్పని కనీసం 55 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మూసిన తొట్టెలో అయితే 3 రోజులు, ఆరుబయట బారుగా పోసిన కుప్పైతే 15 రోజులు, ఆలోపు 5 సార్లు తిరగేస్తూ. ఆ వేడీ తగలక, నెలల తరబడి మాగనూ లేని ఎరువు దేనినైనా పచ్చిదిగానే లెక్క వేసుకోవాలి.

దుమ్ము. పొడి ఎరువు సంచి విప్పగానే లేచేది వట్టి మట్టి కాదు. అందులో బూజు రేణువులు ఉంటాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కుండీ మట్టి సంచుల మీద హెచ్చరికే ముద్రిస్తారు. అలాంటి మట్టిలో, కంపోస్టులో పెరిగే లెజియోనెల్లా లాంగ్‌బీచే అనే బ్యాక్టీరియా దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది.

నోట్లో పడితే ఏమవుతుంది. పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో అన్నింటికంటే ముందు అడగాల్సింది ఇదే.

వాసన, ఈగలు, దోమలు. సొంత ఇంట్లో మీ ఇష్టం. అపార్ట్‌మెంట్‌లో అలా కుదరదు, పక్క ఫ్లాట్ వాళ్ళతో మాట పోతుంది.

మన తేమకు ఆగుతుందా. సముద్రం పక్కన ఉన్న ఊరు. జూన్ నుంచి నవంబరు దాకా తెరిచిపెట్టిన ఏ పిండైనా చెమ్మగిల్లుతుంది. హైదరాబాదు వాళ్ళు వీడియోల్లో చెప్పే నిల్వ పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

## ఒక్క చూపులో

| ఎరువు | క్రిముల భయం | దుమ్ము, ఘాటు | పిల్లలు, కుక్కలు తింటే | వాసన, ఈగలు | మన తేమలో నిల్వ |
|---|---|---|---|---|---|
| వర్మీ కంపోస్టు | తక్కువ | ఆరితే లేస్తుంది | పెద్ద ప్రమాదం లేదు | దాదాపు లేదు | బాగుంటుంది |
| మాగిన గెత్తం | మాగినదాన్ని బట్టి | కొంచెం | కడుపు నొప్పి, విరేచనాలు | కొంచెం | ఫర్వాలేదు |
| ఇంటి కంపోస్టు | మధ్యస్థం | తిరగేస్తే ఎక్కువ | కుళ్ళినదైతే ప్రమాదం | చేతనైతే లేదు | ఫర్వాలేదు |
| వేప పిండి | లేదు | కళ్ళు, ముక్కు మంట | చేదు, ఎక్కువ తినరు | ఘాటు, ఈగలు రావు | బిగుతు డబ్బాలో |
| ఆముదం పిండి | లేదు | అలర్జీ, ఆయాసం | ప్రాణాంతకం | కొంచెం | బూజు పడుతుంది |
| వేరుశనగ పిండి | నానితే ఉంటుంది | బూజు దుమ్ము | బూజు పట్టినదైతే హాని | నానితే భరించలేం | చాలా కష్టం |
| ఎముకల పొడి | శుద్ధిని బట్టి | మెత్తటి దుమ్ము | కుక్కలకు ప్రమాదం | కుక్కలు, ఎలుకలు | బిగుతు డబ్బాలో |
| కోడి ఎరువు | ఎక్కువ | అమ్మోనియా ఘాటు | ప్రమాదం | చాలా ఎక్కువ | వద్దు |
| జీవామృతం | ఎక్కువ | లేదు | ప్రమాదం | ఉంటుంది | వారంలో వాడాలి |
| చేపల ద్రావణం | మధ్యస్థం | లేదు | కుక్కలు, పిల్లులు ఎగబడతాయి | తయారీలో ఎక్కువ | నెలలు ఆగుతుంది |

పట్టికలో ఒక్క పదంతో సరిపెట్టలేనివి కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

## గెత్తం, వర్మీ: ఒకే పేడ, రెండు దారులు

ఉత్తరాంధ్రలో ఏ రైతునడిగినా గెత్తానికి మించినది లేదంటాడు. నేలకి అది నిజమే. మట్టిని గుల్ల చేస్తుంది, నీళ్ళు పట్టి ఉంచుతుంది, ధర కూడా తక్కువ. చిక్కంతా మనకి వచ్చే గోనెలో ఉన్నది ఎంత మాగిందో తెలియకపోవడంలోనే. ఆరు నెలలు గోతిలో చివికిన గెత్తం నల్లగా, పొడిపొడిగా, అడవి మట్టి వాసనతో ఉంటుంది. పిడికిట్లో పట్టి వదిలితే విడిపోతుంది. గడ్డలు గడ్డలుగా, పచ్చగా, చెయ్యి పెడితే వెచ్చగా, అమ్మోనియా వాసనతో ఉంటే అది ఇంకా పచ్చిదే. అది కుండీలో వేస్తే వేళ్ళు మాడతాయి, దానితో పాటు క్రిములు ఇంటికొస్తాయి. గడ్డి గింజలు, వేరుపురుగు గుడ్లు సరేసరి.

అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో ఒక లెక్క ఉంది. పచ్చి పేడ వేశాక, తినే భాగం మట్టికి తగిలే పంటైతే 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు ఆగి కోయాలి. మన ఇళ్ళల్లో పెంచేవి చూడండి. తోటకూర, మెంతికూర నెల తిరగకుండా కోసేస్తాం. కొత్తిమీర ఇంకో పది, పదిహేను రోజులు ఆగుతుందేమో. అంటే ఆకుకూరల కుండీలో పచ్చి పేడకి చోటే లేదు. వంగ, బెండ, కాకర, పొట్ల లాంటివాటికి మాగిన గెత్తం మట్టి కలిపేటప్పుడే, నాటడానికి ముందే వేసేయొచ్చు. అనుమానంగా ఉన్న గెత్తం వస్తే డాబా మూలలో కాస్త తడిపి, టార్పాలిన్ కప్పి, రెండు మూడు నెలలు వదిలేయండి. మధ్యలో రెండుసార్లు తిరగేయండి. తొందరేం లేదు, మొక్కలు వర్మీ తింటూ ఉంటాయి.

వర్మీ కంపోస్టు మీద నాకు పక్షపాతం ఉందని ముందే చెప్పేస్తున్నాను. వాసన లేదు, ఎక్కువైనా మొక్క మాడదు, పిల్లాడు ఒక గుప్పెడు నోట్లో పెట్టుకున్నా సబ్బుతో చేతులు, మూతి కడిగి గమనిస్తే సరిపోతుంది. వానపాముల కడుపులోంచి వెళ్ళాక చాలా క్రిములు తగ్గిపోతాయి. అయితే వర్మీ తొట్టె వేడెక్కదు, వేడెక్కితే పాములే చచ్చిపోతాయి. అందుకని అందులో వేసే ముందు పేడని కొన్నాళ్ళు కుప్పగా మాగబెట్టారా లేదా అన్నదాని మీద భద్రత ఆధారపడి ఉంటుంది. చిన్న నర్సరీ వాడు తనే తయారు చేశానంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు తడుముకోకుండా చెబితే కొనండి.

సంచి కొంటే లేబుల్ చూడండి. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద వర్మీ కంపోస్టుకి, నగర కంపోస్టుకి ప్రమాణాలు ఉన్నాయి. వర్మీలో తేమ 15 నుంచి 25 శాతం, నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. సీసం కిలోకి 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. తయారీదారు పేరు, బ్యాచ్, తేదీ, పోషకాల శాతం లేని సంచి తక్కువకు వస్తుందని తెచ్చుకుంటే లోపల ఎర్రమట్టో, ఇసకో కలిపి ఉన్నా తెలియదు. బీచ్ ఇసక కలిపితే ఉప్పు కూడా వస్తుంది, ఆకు అంచులు మాడినప్పుడు గానీ తెలిసిరాదు.

తేల్చి చెప్పాలంటే స్థలం, ఓపిక ఉంటే గెత్తం. రెండూ లేకపోతే వర్మీ. ఆకుకూరలకి మాత్రం ఎవరైనా సరే వర్మీయే.

## పిండ్లలో ఒకటి మిత్రుడు, ఒకటి విషం

నర్సరీ బల్ల మీద వేప పిండి, ఆముదం పిండి, వేరుశనగ పిండి మూడూ ఒకే రంగు ప్లాస్టిక్ కవర్లలో, ఒక్కోసారి పేరు కూడా లేకుండా ఉంటాయి. ఈ మూడింటినీ ఒక గాటన కట్టడం దగ్గరే అసలు ప్రమాదం.

వేప పిండిలో నత్రజని సుమారు 5 శాతం. మట్టిలోని వేరుపురుగుల్ని, నులిపురుగుల్ని అదుపు చేస్తుంది. చేదు వల్ల కుక్క గానీ పిల్లాడు గానీ రెండో ముద్ద తినరు. హాని కంటికే, ముక్కుకే. గాలి వీచే డాబా మీద సాయంత్రం సంచి విప్పితే పొడి నేరుగా కళ్ళలోకి వస్తుంది. పొద్దున్నే, గాలి లేనప్పుడు, కాస్త నీళ్ళు చిలకరించి తీయండి. పన్నెండు అంగుళాల కుండీకి నెలన్నరకి ఒక గుప్పెడు చాలు. అంతకు మించితే లేత మొక్కలు వాడిపోతాయి.

ఆముదం పిండి చవక, బలం కూడా వేపకి దగ్గరగా ఉంటుంది, చెదలు రావని కొందరు వేస్తారు. కానీ ఆముదం గింజలోని రిసిన్ నూనెలోకి దిగదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా వేడి చేసి శుద్ధి చేస్తే విరిగిపోతుంది, అయితే మన చేతికొచ్చిన పిండి అలా చేసినదో కాదో సంచిని చూసి చెప్పలేం. కుక్క తింటే కొన్ని గంటలకో, మర్నాటికో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. చాలాసార్లు అప్పటికి ఆలస్యమైపోతుంది. దుమ్ము పీల్చినవాళ్ళకి అలర్జీ, ఆయాసం రావడం ఆముదం మిల్లుల్లో ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒట్టి ఆముదం పిండిని కుక్క వాసన చూసి వదిలేయొచ్చు. దానికి ఎముకల పొడో, చేపల పొడో కలిపితే మాత్రం మట్టి తవ్వి మరీ తింటుంది. 'అన్నీ కలిపిన ఎరువు' అని అమ్మే మిశ్రమాల్లో సరిగ్గా ఈ జోడీ ఉంటుంది. కాబట్టి కుక్క ఉన్న ఇంట్లో మిశ్రమం కొనేముందు వెనక ఏమేం కలిపారో చదవండి. రాయకపోతే అక్కడే పెట్టేయండి. నా మట్టుకు ఇంటి తోటకి ఆముదం పిండి అవసరమే లేదు. అది చేసే పనంతా వేప చేస్తుంది.

వేరుశనగ పిండిలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది, ఈ మూడింటిలో అదే ఎక్కువ. నానబెట్టి, పది రెట్లు నీళ్ళు కలిపి పోస్తే వంగ, మిరప నాలుగు రోజుల్లో కళకళలాడతాయి. అందుకే దాన్ని వదలలేకపోతారు. విశాఖలో దీని చిక్కు తేమ. శ్రావణం వచ్చేసరికి పిండి మీద పసుపుపచ్చని ఆకుపచ్చ బూజు కనబడుతుంది. వేరుశనగకి పట్టే ఆ బూజుల్లో అఫ్లాటాక్సిన్ తయారుచేసేది కూడా ఉంది, అది కాలేయానికి విషం. బూజు పట్టిన పిండిని ఎండబెట్టి, దులిపి వాడటం అన్నింటికంటే చెడ్డ పని. ఆ దుమ్ము నేరుగా ముక్కులోకే పోతుంది. తడిపి, కవరులో కట్టి పారేయండి. కావాలంటే ఫిబ్రవరి నుంచి మే వరకు, అర కిలో చొప్పున తెచ్చుకుని అయిపోయాకే మళ్ళీ కొనండి. ఎలుకలకి కూడా ఇదంటే ప్రీతి. ఎలుకలొస్తే వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) భయం వెంటే వస్తుంది.

## ఎముకల పొడి

భాస్వరం కోసం, పూత కోసం. ఆవిరితో శుద్ధి చేసినదే కొనండి. పచ్చి ఎముకల్ని దంచిన పొడి చవకగా దొరుకుతుంది కానీ పశువుల జబ్బులు అందులో మిగిలి ఉండొచ్చు. మట్టి పైన చల్లకుండా లోపలికి కలిపేయాలి. కుక్క ఎక్కువగా తింటే పొట్టలో సిమెంటు ముద్దలా గట్టిపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. కుక్క లేని, గులాబీలు ఉన్న ఇంటికి మాత్రమే ఇది. శాకాహారుల ఇళ్ళల్లో ఎలాగూ రానివ్వరు, వాళ్ళు కోల్పోయేదేం లేదు. కుండీ మట్టిలో వర్మీ సరిగా ఉంటే భాస్వరం కరువు అంత తొందరగా రాదు.

## ఇంటి కంపోస్టు: ఖర్చు లేదు, పని ఉంది

తడి చెత్త కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి పోకుండా మన కుండీకే చేరడం మంచి సంగతే. అయితే ఇరవై లీటర్ల బకెట్టులో చేసే కంపోస్టుకి 55 డిగ్రీల వేడి రాదు, పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. కాబట్టి లోపల వేసేదాన్ని బట్టే భద్రత. కూరగాయ తొక్కలు, టీ పొడి, ఎండుటాకులు, కొబ్బరి పీచు వేయండి. చేపలు, మాంసం, పాలు, నూనె కూరలు, కుక్క పిల్లి మలం, డైపర్లు వద్దే వద్దు. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణులకు, కడుపులో బిడ్డకు హాని.

ఒక వంతు తొక్కలకి రెండు వంతులు ఎండు సరుకు ఉంటే వాసన రాదు. వాసన వస్తోందంటే ఎండు సరుకు తక్కువైందని, గాలి ఆడటం లేదని అర్థం. లావుపాటి, బూడిదరంగు పురుగులు లుకలుకలాడుతూ కనబడితే భయపడి పురుగుమందు కొట్టకండి. అవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు, చెత్త తినేసి వెళ్ళిపోతాయి, మనకేం చెయ్యవు. అడుగున కారే నల్లటి నీళ్ళు బలమే గానీ పచ్చివి. పది రెట్లు నీళ్ళు కలిపి పూల మొక్కల మొదట్లో పోయండి, ఆకుకూరల దగ్గరకి తీసుకెళ్ళకండి.

అన్నింటికంటే ప్రమాదం తిరగేసేటప్పుడే. ఆస్పర్‌జిల్లస్ బూజు రేణువులు పొగలా లేస్తాయి. ఆరోగ్యవంతులకి తుమ్ములతో పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

## కోడి ఎరువు

ఇంటికి వద్దు. సాల్మొనెల్లా, అమ్మోనియా, ఈగలు, మాడిపోయే వేళ్ళు. పూర్తిగా మాగించి గుళికలు చేసిన కంపెనీ సరుకైతే పూల మొక్కలకి ఒక చెంచా వేసుకోవచ్చు, అంతే.

## ద్రావణాలు: జీవామృతం, చేపల నీళ్ళు

ప్రకృతి సాగు ప్రచారకుడు సుభాష్ పాలేకర్ పద్ధతిలో ఎకరానికి చెప్పే జీవామృతం లెక్క 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇంటికి దాన్ని ఇరవయ్యో వంతుకి దించితే 10 లీటర్ల నీరు, అర కిలో పేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల చొప్పున బెల్లం, పిండి. నీడలో 48 గంటలు, రోజూ రెండు మూడుసార్లు కలియబెట్టాలి.

పని చేస్తుందా అంటే చేస్తుందనే నా అభిప్రాయం. భద్రత లెక్కలో చూస్తే మాత్రం అది రెండు రోజులు పులిసిన పచ్చి పేడ. సూక్ష్మజీవుల్ని పెంచడానికే కదా బెల్లం వేసేది, మంచివాటితో పాటు చెడ్డవి కూడా ఆ బెల్లం తింటాయి. కాబట్టి పాదులో పోయండి, ఆకుల మీద పిచికారీ చేయకండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీరా కుండీలకి అసలే వద్దు. డ్రమ్ముకి మూత బిగించకూడదు, గాలి ఆడాలి. దోమలు గుడ్లు పెట్టకుండా పల్చటి బట్ట కట్టాలి. వాటర్ ట్యాంకు పక్కన, ముఖ్యంగా మూత సరిగా పడని ట్యాంకు పక్కన పెట్టకండి. అపార్ట్‌మెంట్‌ డాబా అందరిదీ కాబట్టి నలుగురూ ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి.

చేపల ద్రావణం చేపల ఊరిలో పుట్టి పెరిగినవాళ్ళకి సహజంగానే తోస్తుంది. చేపల వ్యర్థాలు, బెల్లం సమాన తూకంలో కలిపి మూడు నాలుగు వారాలు ఊరబెట్టి, వడకట్టి, లీటరు నీటికి రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు కలుపుతారు. బెల్లం తగ్గిస్తే ఊరదు, కుళ్ళుతుంది. కుళ్ళిందంటే ముక్కుకే తెలిసిపోతుంది, దాన్ని వాడకూడదు. గాజు సీసాలో గట్టిగా మూత పెట్టడం పెద్ద పొరపాటు. పులిసేటప్పుడు పుట్టే వాయువుకి సీసా పగులుతుంది. పండ్ల తొక్కలతో చేసే బయో ఎంజైములకీ ఇదే వర్తిస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ డబ్బా, పైన ఖాళీ, మొదట్లో రోజూ మూత వదులు చేయడం, ఇవి తప్పనిసరి. కాకులు, పిల్లులు, పై అంతస్తు వాళ్ళు ముగ్గురూ మీ మీదికే వస్తారు కాబట్టి నేనైతే సొంత ఇంటి పెరడు ఉంటే తప్ప ఇది సూచించను. తయారైన సీసా కొనుక్కుంటే సగం తలనొప్పులు తప్పుతాయి.

## మీ ఇల్లు ఎలాంటిది?

ఎంవీపీ కాలనీలోనో, సీతమ్మధారలోనో ఫ్లాటు, బాల్కనీ, పాకే పిల్లాడు. వర్మీ ఒక్కటే. వేప పిండి కావాలంటే పావు కిలో, అందని ఎత్తులో. ఎరువు వేశాక పైన ఒక అంగుళం మట్టి గానీ కొబ్బరి పీచు గానీ కప్పండి. కుండీ కింద పళ్ళెంలో కారిన నీళ్ళు పిల్లాడు చేత్తో తట్టేవే. రోజూ పారబోస్తే దానితో పాటు డెంగీ దోమ బెడదా తగ్గుతుంది.

కుక్క ఉన్న ఇల్లు. వర్మీ, వేప. ఆముదం, ఎముకల పొడి, చేపలు మూడూ గుమ్మం దాటి రాకూడదు.

ఆస్తమా, లేదా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు. తేమగా ఉన్న వర్మీ, అదీ వేరేవాళ్ళు సంచి విప్పి కలిపాక. మొక్కలకి నీళ్ళు పోయడం, కాయలు కోయడం మీరు చేసుకోండి. కంపోస్టు తిరగేసే పని మనవడికి అప్పగించండి.

షుగర్ ఉన్నవాళ్ళు. ఎరువు ఏదైనా మట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు తొడుగులు, కాళ్ళకి బూట్లు. మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా తడి మట్టిలో ఉంటుంది. మన తూర్పు తీరంలోనూ కేసులు నమోదయ్యాయి, షుగర్ ఉన్నవాళ్ళకే అది ఎక్కువగా సోకుతుంది. కాలికి పుండు ఉంటే వానాకాలంలో డాబా తోట పని మానేయండి. తర్వాత జ్వరం వచ్చి తగ్గకపోతే మట్టి పని చేశానని డాక్టరుకి చెప్పండి, చెప్పకపోతే ఆయనకి తోచకపోవచ్చు.

మధురవాడ దాటాకనో, పెందుర్తి వైపో సొంత ఇల్లు, చుట్టూ జాగా. మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. గెత్తం గొయ్యి, పక్కనే ఇంటి కంపోస్టు, మనసుంటే జీవామృతం. బావి గానీ బోరు గానీ ఉంటే గెత్తం గొయ్యి దానికి దూరంగా, దానికంటే పల్లంలో తవ్వండి.

మల్లెలు, గులాబీలు, సంపెంగలు తప్ప తినేవేవీ పెంచనివాళ్ళు. మీకు కాస్త వెసులుబాటు ఉంది. గెత్తం ఒక నెల తక్కువ మాగినా ఇంట్లోకి వచ్చేది పువ్వే కదా. అయితే ఆ పువ్వు దేవుడికి పెట్టి, చేతులు కడుక్కోకుండా ప్రసాదం పంచకండి.

## చేతులు, ముక్కు, బట్టలు

సంచి విప్పేటప్పుడు మొహానికి దూరంగా పట్టుకుని కత్తెరతో కత్తిరించండి. లాగి చింపితే దుమ్మంతా మీ మీదికే. ముందే ఒక మగ్గుడు నీళ్ళు చిలకరిస్తే సగం బాధ తీరుతుంది. ఎన్ 95 మాస్కు వాడండి, జేబురుమాలు బూజు రేణువుల్ని ఆపలేదు. రబ్బరు తొడుగులు, పాత చొక్కా తోటకే కేటాయించండి. వంటింట్లో గరిట తీసుకెళ్ళి మళ్ళీ వంటింట్లోకి తేవద్దు.

పని అయ్యాక సబ్బుతో, పారే నీటి కింద, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది కడగాలి. మట్టి పట్టిన చేతుల మీద శానిటైజర్ పెద్దగా పని చేయదు. ఆకుకూరలు ఇంటివే కదా అని దులిపి వండకండి, రెండు మూడు నీళ్ళలో కడగండి. ధనుర్వాతం క్రిమి పశువుల పేడలో, మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. పెద్దవాళ్ళు కూడా 10 ఏళ్ళకోసారి టీకా వేయించుకోవాలి. మేకో, బొరిగో గుచ్చుకుని గాయం మురికిగా ఉంటే, చివరి టీకా వేసి 5 ఏళ్ళు దాటితే మళ్ళీ అవసరమవుతుంది.

## నిల్వ, తుఫాను రోజులు

గోనెని నేల మీద పెట్టకండి, ఇటుకల మీదో చెక్క మీదో ఉంచండి. పొడి ఎరువులు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, మీద పేరు, కొన్న నెల రాయండి. కూల్ డ్రింక్ సీసాల్లో ద్రావణాలు పోయడం మానేయండి. నల్లబెల్లం రంగు నీళ్ళని పిల్లలు కూల్ డ్రింక్ అనుకోవడానికి క్షణం పట్టదు.

అక్టోబరు, నవంబరుల్లో డాబా మీద సరుకు ఉంచకపోవడం మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబాల మీద ఉన్నది ఏదీ ఉన్నచోట లేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. వాయుగుండం హెచ్చరిక రాగానే డబ్బాలు లోపలికి, జీవామృతం డ్రమ్ము ఖాళీ, కంపోస్టు బకెట్టుకి తాడు. వానకి కొట్టుకుపోయిన పిండి డాబా పైపులో అడ్డుపడితే ఆ నీళ్ళు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతాయి. సెప్టెంబరు చివరికల్లా నిల్వ అయిపోయేలా కొనుక్కుంటే ఈ హడావుడి ఉండదు.

ప్రతి ఎరువు సంచి లేబుల్ ముక్క కత్తిరించి ఒక కవరులో దాచండి. పిల్లాడు ఏదైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు పెట్టుకోకుండా, నోరు తుడిచి, 108కి ఫోను చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. కుక్క ఆముదం పిండి తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరకి వెళ్ళండి. రెండు సందర్భాల్లోనూ ఆ లేబుల్ ముక్క వెంట ఉండాలి. 'ఏదో సేంద్రియ ఎరువండీ' అంటే డాక్టరు చేయగలిగింది తక్కువ.